నాన్నకి డయాలసిస్, పాపకి అన్నప్రాసన, నా కిడ్నీ ఇస్తానంటే నాన్న ఒప్పుకోవట్లేదు

ఉద్దానం_కుర్రాడు

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లెటూరు. నేను పన్నెండేళ్ల నుంచి హైదరాబాద్‌లోనే, లిఫ్టులు బిగించే కంపెనీలో సూపర్‌వైజర్ని. పెళ్లయి మూడేళ్లు. పాపకి మొన్ననే ఐదు నెలలు నిండి పది రోజులయ్యింది.

పాప పుట్టిన వారానికే నాన్నకి మొదలయ్యింది. కాళ్లు వాచాయి, అన్నం చూస్తేనే వాంతి వచ్చినట్టుందని తినడం మానేశాడు, అమ్మ గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్లు ఇచ్చుకుంటూ కూర్చుంది, చివరికి అక్క ఇచ్ఛాపురం నుంచి వచ్చి లాక్కెళ్లి టెస్టు చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీలు పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగేది) 9.6. నాన్నకి 57 ఏళ్లు, షుగర్ లేదు, బీపీ లేదు, మందు ముట్టడు. మా కవిటి, సోంపేట వైపు ప్రాంతాన్ని ఉద్దానం అంటారు, ఉద్దానం వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మా ఊళ్లో కిడ్నీ అంటే ఒంట్లో భాగం పేరు కాదు, జబ్బు పేరు. "ఫలానా ఆయనకి కిడ్నీ వచ్చిందట" అంటారు, విన్నవాళ్లు ఇంకేం అడగరు. 90ల నుంచి ఇదే చూస్తున్నాం, నీళ్లన్నారు, పురుగు మందులన్నారు, ఎండలో పని చేసి నీళ్లు తాగకపోవడం అన్నారు, దేశవిదేశాల నుంచి డాక్టర్లు వచ్చి రక్తాలు తీసుకెళ్లారు, ఇదీ కారణం అని ఇంకా ఎవరూ తేల్చలేదు. మా వీధిలో నలుగురు పోయారు. అయినా మా నాన్నకి వస్తుందని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు.

వారానికి మూడుసార్లు, మంగళ గురు శని, నాలుగేసి గంటలు డయాలసిస్. ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఫ్రీగానే అవుతోంది, నెలకి 10,000 డయాలసిస్ పెన్షన్ కూడా వస్తోంది, డబ్బు గురించి నా బాధ కాదు. ముందు మెడలో పైపు పెట్టి చేశారు, తర్వాత ఎడం చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలపడం) ఆపరేషన్ చేశారు. ఆ ఆపరేషన్ రోజే ఇక్కడ మా పాప మొదటిసారి బోర్లా పడింది. అక్క ఆపరేషన్ థియేటర్ బయట నుంచి ఒక ఫోటో పంపింది, అదే గంటలో మా ఆవిడ పాప వీడియో పంపింది, నేను ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్లో లిఫ్టు గుంట దగ్గర నిలబడి రెండూ మార్చి మార్చి చూసుకున్నా. బోర్లా పడితే బొబ్బట్లు చెయ్యాలి కదా, అమ్మ మర్నాడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, ఆ అలసటలోనే బొబ్బట్లు చేసి వీధంతా పంచిందట.

ఇప్పుడు అసలు సంగతి. నాన్నది ఓ పాజిటివ్, నాదీ అదే. అక్కది బి. అమ్మదీ బి, పైగా అమ్మకి టెస్టు చేయిస్తే క్రియాటినిన్ 1.8 వచ్చింది, అంటే అమ్మకి కూడా మొదలయ్యిందనే. మిగిలింది నేను. నా కిడ్నీ ఇస్తానని చెప్పా. నాన్న ఒకటే మాట, "నీకు ఆడపిల్ల ఉంది, ఆ రెండూ నీ దగ్గరే ఉండనీ" అని ఫోన్ పెట్టేశాడు. అప్పట్నుంచి ఆ మాట ఎత్తితే నాకు ఫోన్ ఇవ్వడు, అమ్మకిచ్చేస్తాడు. మా ఆవిడ "మీ నాన్న, మీ ఇష్టం, నేను అడ్డు చెప్పను" అంది, కానీ రాత్రి వంటింట్లో కుళాయి తిప్పి ఏడవడం నాకు వినిపించింది.

పోనీ ఇద్దర్నీ హైదరాబాద్ తెచ్చేసుకుందామంటే తోట వదిలి రానంటాడు. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానుకి మా రెండెకరాల కొబ్బరి ఒక్క రాత్రిలో పడిపోయింది, నాన్న ఏడవలేదు, మర్నాడే గోతులు తవ్వడం మొదలుపెట్టాడు. అప్పుడు వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. ఆ కొబ్బరి నీళ్లు ఇప్పుడు ఆయన తాగకూడదట, పొటాషియం అట. ఏడేళ్లు పెంచిన చెట్టు బొండాం ఆయన నోటికి పనికిరాదు, నాకు అదే మింగుడు పడట్లేదు.

పాపకి ఏడో నెలలో అన్నప్రాసన. నాన్న చేత్తో తినిపించాలని నా ఆశ. కానీ డయాలసిస్ మనిషి దగ్గరికి అంత చిన్న పిల్లని తీసుకెళ్లచ్చా, ఆయనకి ఏమన్నా అవుతుందా, పాపకి ఏమన్నా అవుతుందా? కిడ్నీ విషయంలో నాన్నని ఎలా ఒప్పించాలి? ఇంట్లో ఇలాంటిది చూసినవాళ్లు దయచేసి చెప్పండి.

విశాఖ_సిస్టర్

తమ్ముడూ, నేను డయాలసిస్ యూనిట్‌లో పదకొండేళ్ల నుంచి స్టాఫ్ నర్సుని. ముందు భయం తీరుస్తాను. పాపని తీసుకెళ్లండి, హాయిగా తీసుకెళ్లండి. మీ నాన్నగారి జబ్బు పాపకి అంటేది కాదు. జాగ్రత్త అంతా ఆయన వైపే, వీళ్లకి ఇన్ఫెక్షన్ తొందరగా వస్తుంది కాబట్టి పాపకి జలుబో దగ్గో ఉంటే రెండు రోజులు ఆగండి, ఫంక్షన్‌కి వచ్చేవాళ్లలో ముక్కు చీదుకుంటున్న వాళ్లని ఆయన పక్కన కూర్చోబెట్టకండి.

మెడలో పైపు ఇంకా ఉందా తీసేశారా? ఉంటే మాత్రం పాప ఆ వైపు రాకుండా చూడండి, పిల్లలు చేతికి ఏది దొరికితే అది లాగుతారు. తీసేసి ఫిస్టులాతో చేస్తుంటే పాపని కుడిచేత్తో ఎత్తుకోమనండి. ఎడం చేతికి బీపీ కట్టనివ్వద్దు, రక్తం తీయనివ్వద్దు, గడియారం వద్దు, బరువులు వద్దు, ఆ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోవద్దు. ఆ చేతి మీద వేళ్లు పెట్టి చూడండి, లోపల జుమ్మని తుమ్మెద తిరుగుతున్నట్టు ఉంటుంది. రోజూ పొద్దున్నే ఆయన్నే చూసుకోమనండి, ఆ జుమ్మనడం ఆగిందంటే ఆ క్షణమే యూనిట్‌కి ఫోన్ చెయ్యాలి, రేపు చూద్దాం అనుకుంటే ఫిస్టులా పోతుంది.

ఫంక్షన్ డయాలసిస్ రోజున పెట్టకండి, నాలుగు గంటలు అయ్యాక మనిషి పిండేసినట్టు అయిపోతాడు, నరాలు లాగుతాయి. శనివారం చేయించుకుంటే ఆదివారం పొద్దున్న కాస్త తేలిగ్గా ఉంటారు, అప్పుడు పెట్టుకోండి. పరమాన్నం బెల్లంతో కాకుండా పంచదారతో చేయించండి, బెల్లంలో పొటాషియం ఎక్కువ, ఆయన ఒక చెంచా తింటే ఏమీ కాదు. ఆయన రోజుకి ఇంతే అని కొలిచి తాగాలి కదా, పాలు, మజ్జిగ, చారు అన్నీ ఆ నీళ్ల లెక్కలోకే వస్తాయి, ఫంక్షన్‌లో ఎవరో ఒకరు "ఒక్క గ్లాసు మజ్జిగ తాగండి పెద్దాయనా" అంటారు, అక్కడే దెబ్బ తింటారు. చిన్న స్టీలు గ్లాసు ఒకటి ఆయనకని పెట్టి రోజంతా ఎన్నిసార్లు తాగారో అమ్మగారిని లెక్క పెట్టమనండి. కొబ్బరి నీళ్లు మాత్రం వద్దే వద్దు, పొటాషియం పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోతుంది, నేను కళ్లారా చూశాను. కూరగాయలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండాలి.

హైదరాబాద్ తెచ్చే ముందు ఒక మాట. స్కీములో నడుస్తున్న బెడ్డు వదులుకుంటే మళ్లీ దొరకడానికి టైం పట్టచ్చు. పది రోజుల కోసం వస్తే మాత్రం ముందే అక్కడ హైదరాబాద్ లో ఒక సెంటర్‌తో మాట్లాడి హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి రిపోర్టులు, ఆఖరి డయాలసిస్ షీట్లు వాట్సాప్‌లో పంపండి, అవి లేకుండా ఎవరూ మిషన్ ఎక్కించరు. ఇంట్లోనే చేసుకునే పొట్ట డయాలసిస్ కూడా ఉంది, పొట్టలో చిన్న పైపు పెట్టి రోజుకి మూడు నాలుగుసార్లు మందు నీళ్లు ఎక్కించి దింపుకోవడం, తోటకి దగ్గర్లోనే ఉండచ్చు, కానీ శుభ్రత చాలా కావాలి. ఆయనకి సరిపోతుందా లేదా మీ నెఫ్రాలజిస్టునే (కిడ్నీ డాక్టర్ని) అడగండి.

గోదారి_గట్టు

బ్రో, నేను 2019లో మా తమ్ముడికి కిడ్నీ ఇచ్చా, అప్పుడు నాకు 34. కాబట్టి ఇచ్చినవాడిగా చెప్తున్నా. నీ తొందర నాకు తెలుసు, ఆ టైంలో నేను కూడా రాత్రికి రాత్రే కోసి ఇచ్చేద్దామన్నంత ఊపులో ఉన్నా. కానీ ఇస్తానా ఇవ్వనా అన్న ప్రశ్న నీ దాకా రావడానికి ముందు చాలా ఉంది. బ్లడ్ గ్రూపు కలిస్తే అయిపోదు, ఇద్దరి రక్తం ఒకదానికొకటి పడుతుందా అని చూసే క్రాస్‌మ్యాచ్ ఉంటుంది, రెండు కిడ్నీలు విడివిడిగా ఎంత పని చేస్తున్నాయో స్కాన్ ఉంటుంది, రక్తనాళాలకి సీటీ ఉంటుంది, 24 గంటల యూరిన్ క్యాన్‌లో పట్టివ్వాలి, గుండె టెస్టులు, ఆ తర్వాత కమిటీ ముందు కూర్చోవాలి. నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచి "ఎవరైనా బలవంతం చేస్తున్నారా" అని అడిగారు. నా భార్యని కూడా కూర్చోబెట్టి అడిగారు. సో మీ ఆవిడ ఏడుపు పక్కన పెట్టేసి నువ్వొక్కడివే తేల్చేసే విషయం కాదిది.

ఇంకోటి, ఇది నీకు నచ్చకపోవచ్చు. నువ్వు పుట్టింది పెరిగింది అదే ఊళ్లో, అదే నీళ్లు, పద్దెనిమిదేళ్లో పంతొమ్మిదేళ్లో తాగావు. అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ వచ్చింది. అలాంటి ఇంటి నుంచి వచ్చిన కుర్ర డోనర్‌ని మంచి డాక్టర్ చాలా గట్టిగా చూస్తాడు, ఎందుకంటే నీకు ఇంకా నలభై ఏళ్ల బతుకు ఉంది, ఒక్క కిడ్నీతో బతికే మనిషికి రేపు అదే జబ్బు వస్తే ఇంకోటి మిగలదు. ఇవ్వొద్దు అనట్లేదు. అసలు నీ క్రియాటినిన్ ఎంతో ఎప్పుడైనా చూపించుకున్నావా? పోస్టంతా రెండుసార్లు చదివా, అందరి నంబర్లూ రాశావు, నీది లేదు.

ఆపరేషన్ లాప్రోస్కోపీతో చేశారు, నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపారు, కానీ ఆరు వారాలు బరువు ఎత్తొద్దన్నారు. నీది లిఫ్టుల పని, ఐదు నెలల పాప, ఎవరు ఎత్తుకుంటారు అదీ ఆలోచించుకో. ఈలోపు నాన్నని, చనిపోయినవాళ్ల అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో రిజిస్టర్ చేయించు, దానికి ఆయన్ని ఒప్పించడం తేలిక, కొడుకుది కాదు కదా. మార్పిడి అయ్యాక జీవితాంతం మందులు వాడాలి, అవి స్కీములో ఎంతవరకు వస్తాయో ఆసుపత్రిలో ఆ కౌంటర్లో కూర్చునే వాళ్లని ముందే అడిగి పెట్టుకో.

మా తమ్ముడు ఇప్పుడు ఆటో తోలుకుంటున్నాడు, పోయిన నెల వాడి కొడుకుని బళ్లో వేశాడు.

సోంపేట_తాత

బాబూ, నాను డయాలసిస్ మీద ఐదేళ్లై ఉన్నాను. నాకు ఈ ఫోన్ల రాయడం రాదు, నాను సెప్తంటే మా మనవరాలు రాస్తంది. మీ నాన్న ఎందుకు వద్దంటన్నాడో నాకు తెలస్తంది, ఏటంటే నానూ మా పెద్దోడికి అదే సెప్పేను. పేమ ఒక్కటే కాదు బాబూ. నువ్వు బల్ల మీద పడుకుంటే ఆ ఇంట్ల సంపాయించే చెయ్యి ఏది? నీకేటైనా అయితే ఆ పిల్లకి జవాబు ఎవులు సెప్తారు? ఆ మాట మీ నాన్న నోటంట రాదు, ఫోను మీ అమ్మకిచ్చేస్తాడు. అతగాణ్ణి ఒప్పించాలని సూడకు. ఆ మాట ఇడిసిపెట్టు కొన్నాళ్లు. అతనికి నీతో మాటాడాలనుంటది, నువ్వు కిడ్నీ ఎత్తుతావని భయపడి మాటాడ్డం లేదు.

ఆ కుర్సీల నాలుగు గంటలు ఎలగుంటాదో సెప్తాను. పక్కోడు నిన్న ఉన్నాడు, ఇయాల ఆ మంచం మీద కొత్తోడు ఉంటాడు. నెత్తి మీద ఫ్యాను సూసుకుంటూ పడుంటాం. సూదులు ఒక సేతికే ఉంటాయి, రెండో సెయ్యి కాళీయే. ఆ టయానికి వీడియో కాల్ సెయ్యి. పిల్లని సూపించు, నువ్వేటి మాటాడక్కర్లేదు, ఫోను పిల్ల ముందు పెట్టి నీ పని నువ్వు సేసుకో. మా మనవరాలు అప్పుడు ఎక్కాలు సదివీది, నాను ఇనీవాణ్ణి. అలగే ఐదేళ్లు గడిసింది.

తోట ఇడిసి రమ్మని అడక్కు. తిత్లీకి మాదీ పోయింది, మళ్లీ ఏసేను. ఆ నీళ్లు నాను తాగకూడదు గాని సెట్టు కింద నిలబడి పైకి సూస్తే కడుపు నిండిపోద్ది. పిల్లని తీసుకెళ్లినప్పుడు ఆ కొత్త సెట్టు మొదటి బొండాం మీ నాన్న సేత కొట్టించు, కుడిసేత్తో. ఆ పిల్ల నోట్ల రెండు సుక్కలు ఎయ్యమను.

కోడలు_పిల్ల

అందరూ నాన్నగారి గురించే చెప్తున్నారు. అమ్మగారి క్రియాటినిన్ 1.8 అని మీరు ఒక్క లైన్లో రాసి వదిలేశారు. మా అత్తగారి విషయంలో మేం చేసిన తప్పే ఇది. మావయ్యగారిని చూసుకుంటూ ఆవిడ మాత్రల సంగతి ఎవరం పట్టించుకోలేదు, మోకాళ్ల నొప్పులని ఆర్ఎంపీ దగ్గర నొప్పి మాత్రలు తెచ్చుకుని రోజూ వేసుకునేది, మాకు తెలిసేసరికి ఆవిడది కూడా 5 దాటిపోయింది. మీ అమ్మగారు నొప్పి బిళ్లలు వేసుకుంటున్నారేమో ఈ రోజే ఫోన్ చేసి అడగండి, డాక్టర్‌ని అడక్కుండా ఒక్కటి కూడా వద్దు. ఎండలో జీడి పిక్కల పనికి వెళ్తుంటే మాన్పించండి. పలాసలో 2023 డిసెంబర్లో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి మొదలుపెట్టారు, మీ ఊరికి దగ్గరే, ఆవిణ్ణి ఆవిడ పేరు మీదే ఓపీ రాయించి చూపించండి. ఆయన వెనకాల తోడుగా వెళ్లిన మనిషిలా కాదు, పేషెంటులా. 1.8 దగ్గర చాలా చెయ్యచ్చు, 9 దగ్గర చెయ్యలేం.

మా మావయ్యగారు మా బాబు గడప దాటిన నెలకి పోయారు. గారెలు వండించమని ఆయనే గుర్తు చేశారు, మంచం మీద నుంచి. ఆ రోజు ఆసుపత్రి పని ఉందని మేం వాయిదా వెయ్యబోయాం, వెయ్యలేదు, ఆ ఒక్కటీ మేం సరిగ్గా చేశాం.

ఉద్దానం_కుర్రాడు

అందరికీ పేరు పేరునా థాంక్స్. ఇది రాస్తున్నది ఆయన కాదు, ఆయన భార్యని. ఆయన పోస్టు నాకు చూపించలేదు, నిన్న రాత్రి ఫోన్ చార్జింగ్ పెడుతుంటే కనపడింది, మొత్తం చదివాను. కుళాయి తిప్పి ఏడ్చానని రాశారు. నేను వద్దని ఏడవలేదు. మా మావయ్య నన్ను పెళ్లికి ముందు చూడ్డానికి వచ్చినప్పుడు, మా ఇంట్లో అందరూ నాకు వంట వచ్చు అని చెప్పుకుంటుంటే, ఆయన ఒక్కరే "నీకు ఏటి ఇష్టం అమ్మా" అని అడిగారు. ఆయన పోతారన్నా భయమే, ఈయనకి ఏమన్నా అవుతుందన్నా భయమే, రెండిట్లో ఒకటి కోరుకోమంటే ఏం కోరుకోను, అందుకు ఏడ్చాను. గోదారి గట్టు అన్నయ్య రాసింది చదివాక పొద్దున్న ఈయన్ని లేపి అడిగాను, మీ టెస్టు ఏదీ అని. చేయించుకోలేదట. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా. భయమట.

ఉద్దానం_కుర్రాడు (4 రోజుల తర్వాత)

అప్‌డేట్ ఇస్తున్నా. మా ఆవిడ నన్ను లాక్కెళ్లి ల్యాబ్‌లో కూర్చోబెట్టింది. నా క్రియాటినిన్ 1.0, యూరిన్‌లో ప్రోటీన్ లేదు. రిపోర్టు చూసి కాసేపు ఆ మెట్ల మీదే కూర్చున్నాం. కిడ్నీ ఇచ్చే సంగతి నేను వదల్లేదు, నెఫ్రాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం, ఇద్దరం కలిసే వెళ్తాం, ఆయన ఏమంటే దాన్నిబట్టి. నాన్నకి మాత్రం ఇప్పుడు ఏమీ చెప్పను. జీవన్‌దాన్ పని అక్క చూస్తోంది.

అమ్మకి ఫోన్ చేసి నొప్పి బిళ్లల గురించి అడిగా. వేసుకుంటోంది. రెండేళ్ల నుంచి, రోజూ ఒకటి, నడుం నొప్పికి. ఆ స్ట్రిప్పు అక్క చేత పారేయించా, బుధవారం పలాసలో అమ్మ పేరు మీద ఓపీ. కోడలు పిల్ల గారూ, మీరు రాయకపోతే నాకు తట్టేది కాదు.

తాతగారూ, మంగళవారం మీరు చెప్పినట్టే చేశాం. డయాలసిస్ టైంలో కాల్ చేసి ఫోన్ పాప ముందు చాప మీద నిలబెట్టాం. నాన్న మొదట "ఇప్పుడెందుకురా, మిషన్ మీద ఉన్నాను" అన్నాడు, పాప ఫోన్ కవర్ నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టేసరికి ఇంక ఫోన్ పెట్టెయ్యలేదు. గంటా నలభై నిమిషాలు. పక్క మంచం ఆయనకి కూడా చూపించాడు. కిడ్నీ మాట నేను ఎత్తలేదు. ఆఖర్లో ఆయనే అడిగాడు, "ఎప్పుడొస్తన్నారు" అని.

సిస్టర్ గారూ, మెడలో పైపు పోయిన వారమే తీసేశారట, ఫిస్టులాతోనే చేస్తున్నారు. పంతులుగారు చూసిన వాటిలో ఆదివారం ముహూర్తం ఒకటి కుదిరింది, పాపకి ఆరు నెలలు నిండి వారం అవుతుంది అప్పటికి. పంచదార పరమాన్నమే. స్టీలు గ్లాసు మా ఆవిడ కొనేసింది, దాని మీద నాన్న పేరు కొట్టించింది. శుక్రవారం రైలుకి టికెట్లు తీశాను, రెండు బెర్తులు, పాప నా మీదే పడుకుంటుంది. శనివారం పలాసలో దిగి ఇంటికెళ్లేసరికి నాన్న డయాలసిస్ నుంచి వచ్చి పడుకుని ఉంటాడు, లేపొద్దని అమ్మకి చెప్పాను. పాప ఎలాగూ లేపుతుంది అంది.